అప్పు చేసి సీఎస్‌ఈ సీటు కొనాలా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది సూర్యాపేట జిల్లాలో ఒక పల్లె. నాన్న చనిపోయి ఆరేళ్లయింది. అమ్మ ఎకరంన్నర పొలం చూసుకుంటోంది. నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చేసి, హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ల మెయింటెనెన్స్ పని చేస్తున్నాను. నెలకు 22 వేలు వస్తాయి. మా చెల్లెలు పదో తరగతి వరకు ఊళ్లో తెలుగు మీడియం, ఇంటర్ ఎంపీసీ గురుకులంలో చదివింది. మ్యాథ్స్‌లో మార్కులు బాగా వచ్చాయి. ఇంజినీరింగ్ ఎంట్రన్స్ ఎప్‌సెట్‌లో మాత్రం 41 వేల ర్యాంకు. మేము బీసీ-డి. సిటీ పక్కన పేరున్న కాలేజీలో మేనేజ్‌మెంట్ కోటాలో సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) ఇప్పిస్తానని ఒక కన్సల్టెన్సీ అతను అంటున్నాడు. డొనేషన్ ఏడు లక్షలు, ఏటా ఫీజు వేరే. రెండు రోజుల్లో లక్ష అడ్వాన్స్, ఒరిజినల్స్ ఇవ్వమంటున్నాడు. ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి డబ్బు దొరుకుతుంది. చెల్లెలేమో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) చదువుతాను, ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ర్యాంకును బట్టి ఇచ్చే కన్వీనర్ కోటాలో ఎక్కడ వస్తే అక్కడే చేరతాను అంటోంది. నేను చదువుకోలేకపోయాను, తనైనా మంచి కాలేజీలో చదవాలని నా కోరిక. నాకు ఖర్చవుతుందనే అలా అంటోందేమోనని అనుమానం. ఏం చేయమంటారు?

సమాధానం: తమ్ముడూ,

ముందు చేయాల్సిన పని చెప్తాను, కారణాలు తర్వాత. ఆ కన్సల్టెన్సీ అతనికి లక్ష రూపాయలు ఇవ్వకు. ఒరిజినల్ సర్టిఫికెట్లు అసలే ఇవ్వకు. ఈ జవాబు నువ్వు చదివేసరికే ఇచ్చేసి ఉంటే, రేపు పని మానుకొనైనా వెళ్లి వెనక్కి తెచ్చుకో. హెల్ప్‌లైన్ సెంటర్‌లో సర్టిఫికెట్ వెరిఫికేషన్ అయితేనే కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు, అంటే కావాల్సిన కాలేజీలు, బ్రాంచిల జాబితా, పెట్టుకోనిస్తారు. అక్కడ ఒరిజినల్స్ చూసి మళ్లీ మన చేతికే ఇచ్చేస్తారు. అవి ఎవరి బీరువాలోనో ఉంటే మీ చెల్లెలికి కన్వీనర్ కోటా దారి మూసుకుపోతుంది. ఇక వాళ్లు చెప్పిన సీటే గతి. రెండు రోజుల్లో తేల్చమని తొందరపెట్టేది కూడా అందుకే. కౌన్సెలింగ్ మొదలైతే మీరు చేజారిపోతారు.

ఇక డొనేషన్. క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ ఉమ్మడి రాష్ట్రంలో 1983లోనే చట్టం వచ్చింది. ఆ ఏడు లక్షలకు రసీదు ఇవ్వకపోవడానికి కారణం అదే. రేపు ఆ పిల్లకు అక్కడ నచ్చకపోయినా, ఆరోగ్యం బాగోక మానేయాల్సి వచ్చినా, తిరిగి ఇమ్మని అడగడానికి నీ చేతిలో చిన్న కాగితం ముక్క కూడా ఉండదు. పైగా మేనేజ్‌మెంట్ కోటాలో చేరిన వాళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదు.

రెండు రూపాయల వడ్డీ అన్నావు. ఏడు లక్షలకు నెలకు 14 వేలు. నీ జీతం 22 వేలు. నాలుగేళ్లలో వడ్డీయే 6 లక్షల 72 వేలు అవుతుంది, అసలు ఏడు లక్షలు కదలకుండా అలాగే నిలబడి ఉంటుంది. కాలేజీ ఫీజు, హాస్టలు, పుస్తకాలు ఈ లెక్కలో లేవు. మిగిలిన ఎనిమిది వేలతో హైదరాబాద్‌లో నువ్వెలా బతుకుతావు, అమ్మకేం పంపుతావు? పస్తులుండైనా కడతావని నీ ఉత్తరం చదివితే తెలుస్తూనే ఉంది. మీ చెల్లెలికీ అది తెలుసు. మొదటి సెమిస్టర్‌లో ఒక సబ్జెక్టు తప్పినా, అన్న అప్పు గుర్తొచ్చి ఆ పిల్ల ఎవరికీ చెప్పుకోలేక లోలోపలే కుమిలిపోతుంది. ఆ టెన్షన్‌తో చదువు సాగక సగంలో ఆగిపోయిన పిల్లలను నేను నా క్లాసుల్లోనే చూశాను.

నీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసింది నీ అనుమానం. నిజంగా ఇష్టమై ఈసీఈ అంటోందా, నీ కోసం అంటోందా? కాలేజీల జాబితా తెరిచే ముందే ఇది తేలాలి. ఈ ఆదివారం ఊరెళ్లు. అమ్మ ముందు కాకుండా ఇద్దరూ విడిగా కూర్చోండి. అమ్మ ఎదురుగా ఉంటే ఆ పిల్ల మళ్లీ ఇంటి ఖర్చుల గురించే ఆలోచిస్తుంది. "ఒకే కాలేజీలో, ఒకే ఫీజుకి సీఎస్‌ఈ, ఈసీఈ రెండూ వస్తే ఏది తీసుకుంటావు, ఎందుకు?" అని అడుగు. ఆ "ఎందుకు"కి వచ్చే జవాబే ముఖ్యం. ఫిజిక్స్‌లో సెమీకండక్టర్ల చాప్టర్ ఇష్టమనో, నువ్వు ఇంట్లో ఫ్యాన్ రెగ్యులేటర్ విప్పుతుంటే పక్కన కూర్చుని చూసేదాన్ననో చెప్తే అది సొంత ఇష్టమే. "ఏదైతే ఏముందిలే అన్నా" అంటే మాత్రం ఇంకా ఏదీ అనుకోలేదని అర్థం. అప్పుడు వాళ్ల గురుకులంలో ఆమెకు పాఠం చెప్పిన ఫిజిక్స్, మ్యాథ్స్ టీచర్లతో మాట్లాడించు. పిల్ల దేనికి పనికొస్తుందో రెండేళ్లు పాఠం చెప్పిన వాళ్లకు బాగా తెలుస్తుంది.

నేను 28 ఏళ్లు ఈసీఈ పాఠాలు చెప్పాను. కాబట్టి ఆ బ్రాంచి వైపు మొగ్గుతానని నువ్వు అనుకోవచ్చు. అందుకే రెండు వైపులా చెప్తాను. సీఎస్‌ఈ మంచి బ్రాంచే. అయితే 2024-25 నుంచి, బాగా నడుస్తున్న కాలేజీలు ఒక బ్రాంచిలో ఎన్ని సీట్లైనా పెంచుకునేలా సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ పాత పరిమితిని తీసేసింది. మన దగ్గర చాలా కాలేజీలు సివిల్, మెకానికల్ సీట్లు తగ్గించుకుని సీఎస్‌ఈ, ఏఐ-ఎంఎల్, డేటా సైన్స్ సెక్షన్లు పెంచుకున్నాయి. సీట్లు ఒక్క సంతకంతో పెరుగుతాయి, పాఠం చెప్పేవాళ్లు అంత తొందరగా తయారుకారు. ఒకే కాలేజీలో ఎ సెక్షన్‌కు ఇరవై ఏళ్ల అనుభవమున్న ప్రొఫెసర్, హెచ్ సెక్షన్‌కు నిన్ననే ఎంటెక్ పూర్తిచేసిన అబ్బాయి పాఠం చెప్పే పరిస్థితి ఉంటుంది. మీ చెల్లెలు ఏ సెక్షన్‌లో పడుతుందో డొనేషన్ తీసుకున్నవాడు రాసివ్వడు.

ఈసీఈ చదివితే సాఫ్ట్‌వేర్ తలుపు మూసుకుపోతుందన్న భయం అక్కర్లేదు. టీసీఎస్, ఇన్ఫోసిస్ లాంటి పెద్ద కంపెనీలు ఫ్రెషర్స్ పరీక్షకు ఈసీఈ వాళ్లనూ కూర్చోనిస్తాయి. సొంత రంగంలో చూస్తే హైదరాబాద్‌లోనే ఈసీఐఎల్, బీడీఎల్ లాంటి ప్రభుత్వ రంగ కంపెనీలు, రక్షణ పరిశోధన చేసే డీఆర్‌డీవో ల్యాబ్‌లు ఉన్నాయి, చిప్ డిజైన్ చేసే కంపెనీల ఆఫీసులున్నాయి. ఇస్రో సైంటిస్ట్ ఉద్యోగాలకు ఎలక్ట్రానిక్స్ వాళ్లను విడిగా తీసుకుంటుంది. వీటిలో చాలావాటికి మామూలు బీటెక్ మార్కులు సరిపోవు. ఎంటెక్ ప్రవేశాలకు పెట్టే గేట్ పరీక్ష రాయాలి, లేదా బాగా లోతుగా చదివి ఉండాలి. ఈసీఈలో కష్టం రెండో ఏడాదిలో మొదలవుతుంది. సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్, ఆ తర్వాత ఎలక్ట్రోమాగ్నెటిక్స్. రెండూ నిండా మ్యాథ్సే. మ్యాథ్స్ మార్కులు బాగున్నాయని రాశావు కాబట్టి ఆ భయం మీ చెల్లెలికి తక్కువే.

నా అభిప్రాయం ఇది. ఆమె మనసు ఈసీఈ మీదే ఉంటే ఈసీఈ. కోడింగ్ మీద ఉంటే కన్వీనర్ కోటాలో వచ్చే మామూలు కాలేజీలో సీఎస్‌ఈ లేదా ఐటీ. ఏడు లక్షల సీటు మాత్రం రెండింటిలో దేనికీ వద్దు.

కన్వీనర్ కోటా అయినా ఖర్చేమీ ఉండదని అనుకోకు. తెలంగాణలో బీసీలకు మామూలుగా పది వేల లోపు ర్యాంకు వస్తేనే మొత్తం ఫీజు రీయింబర్స్ అవుతుంది. గురుకులంలో చదివిన వాళ్లకు మినహాయింపు ఉందేమో హెల్ప్‌లైన్ సెంటర్‌లో అడుగు. ఆ పైన ఏడాదికి 35 వేలు ఇస్తారు, మిగతాది మనమే కట్టుకోవాలి. లక్ష ఫీజున్న కాలేజీలో చేరితే ఏడాదికి 65 వేలు, నాలుగేళ్లకు 2 లక్షల 60 వేలు నీ మీద పడుతుంది. 60 వేల ఫీజున్న చోట అది మొత్తం లక్షే. ప్రభుత్వ డబ్బు ఆలస్యమైతే ముందు మీరే కట్టండి అనే కాలేజీలు ఉన్నాయి. కట్టకపోతే చివర్లో సర్టిఫికెట్లు ఆపేవీ ఉన్నాయి. కాలేజీ చూడ్డానికి వెళ్లినప్పుడు ఈ సంగతి సీనియర్లను తప్పకుండా అడుగు. నీ దగ్గర అంత డబ్బు లేకపోతే ఊళ్లో వడ్డీ వ్యాపారి దగ్గరికి కాదు, బ్యాంకుకి వెళ్లు. నాలుగు లక్షల లోపు ఎడ్యుకేషన్ లోన్‌కు ఆస్తి తాకట్టు అడగరు. విద్యాలక్ష్మి పోర్టల్‌లో అప్లై చేసుకోవచ్చు. చదువు అయ్యాక కట్టడం మొదలుపెట్టొచ్చు.

ఇక కాలేజీల సంగతి. వెతకడం యూనివర్సిటీల సొంత కాలేజీలతో మొదలుపెట్టు. జేఎన్టీయూ హైదరాబాద్‌కు కూకట్‌పల్లిలోనే కాకుండా కొండగట్టు దగ్గర నాచుపల్లిలో, మంథని దగ్గర సెంటినరీ కాలనీలో, సుల్తాన్‌పూర్‌లో, సిరిసిల్లలో, వనపర్తిలో కాలేజీలున్నాయి. ఊరికి దూరం, చుట్టూ సినిమా హాలు కూడా ఉండదు అని పిల్లలు ఆప్షన్లలో వీటిని కింద పెడతారు. కానీ రెగ్యులర్ సీట్లకు ఫీజు తక్కువ, క్యాంపస్‌లోనే హాస్టలు, డిగ్రీ మీద యూనివర్సిటీ పేరు. ఆమె ర్యాంకుకు, కేటగిరీకి, అమ్మాయిల కోటాకు అక్కడ ఏ బ్రాంచి వచ్చే అవకాశం ఉందో కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లో గతేడాది లాస్ట్ ర్యాంక్ స్టేట్‌మెంట్ చూస్తే తెలుస్తుంది. కాలేజీవారీగా, బ్రాంచివారీగా, బీసీ-డి అమ్మాయిలకు ఆఖరి సీటు ఏ ర్యాంకుకు వచ్చిందో అందులో ఉంటుంది. అది ఈ ఏడాదికి గ్యారంటీ కాదు, అంచనాకే. 30 వేల నుంచి 60 వేల మధ్య ముగిసినవన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి.

ప్రైవేటు కాలేజీల విషయంలో బ్రోషర్లు పక్కన పెట్టి నువ్వే వెళ్లి చూడు. అడ్మిషన్ల సీజన్‌లో వాళ్లు పిలిచే రోజు వద్దు. పరీక్షలు, సెలవులు లేని మామూలు రోజున, క్లాసులు జరిగేటప్పుడు వెళ్లు. ఇక్కడ నీకు ఒక పెద్ద అనుకూలం ఉంది. నువ్వు ఎలక్ట్రీషియన్‌వి. ఏసీ హాలు, అద్దాల బిల్డింగు చూసి మోసపోవు. ల్యాబ్ చూపించమని అడుగు.

చాలా ఏళ్ల కిందట ప్రాక్టికల్ పరీక్షలకు ఎక్స్‌టర్నల్‌గా ఒక కాలేజీకి వెళ్లాను. పాలరాతి మెట్లు, ఫౌంటెన్. ల్యాబ్ తాళం చెవి ఎవరి దగ్గరుందో వెతకడానికే అరగంట పట్టింది. లోపల వరసగా కొత్త సీఆర్‌వోలు, అంటే కరెంటు తరంగాన్ని స్క్రీన్ మీద చూపించే మీటర్లు. ఫ్యాక్టరీలో తొడిగిన ప్లాస్టిక్ కవర్లు అలాగే ఉన్నాయి. పరీక్ష కోసం అవి నా కళ్ల ముందే తీశారు. పిల్లలకు ప్రోబ్‌ను ఎక్కడ పెట్టాలో తెలియలేదు, గ్రౌండ్ క్లిప్ గాలిలో వేలాడుతోంది. అదే వారం ఇంకో కాలేజీకి వెళ్లాను. పాత బిల్డింగు, గోడలకు పెచ్చులు. ప్రోబ్ వైర్లకు రెండు మూడు చోట్ల ఇన్సులేషన్ టేపు చుట్టి ఉంది. బ్రెడ్‌బోర్డుల రంధ్రాలు వదులైపోయి, వైర్లు నిలవడానికి పిల్లలు చివర్లు మడిచి గుచ్చుతున్నారు. కానీ స్క్రీన్ మీద సైన్ వేవ్ నిమిషంలో వచ్చేది. రాకపోతే ఎందుకు రాలేదో వాళ్లే వెతుక్కునేవాళ్లు. నువ్వు వెళ్లిన ల్యాబ్‌లో మీటర్ల నాబ్‌ల మీద అంకెలు అరిగిపోయి ఉంటే, టేపు చుట్టిన వైర్లు కనిపిస్తే సంతోషించు. ఒక కిట్ దగ్గర ఎంతమంది నిలబడ్డారో లెక్కపెట్టు. ముగ్గురు దాకా పర్వాలేదు. ఎనిమిది మంది ఉంటే ఒకరు చేస్తారు, ఏడుగురు రికార్డు కాపీ కొడతారు.

లైబ్రరీకి కూడా వెళ్లి, ఈసీఈ బీరువాలోంచి ఏదో ఒక పుస్తకం తీసి వెనక అట్ట దగ్గర అతికించిన తేదీల చీటీ చూడు. ఆఖరి స్టాంపు ఎప్పటిదో దాన్ని బట్టి చాలా అర్థమవుతుంది. అన్నీ కంప్యూటర్‌లో నమోదు చేసే చోట ఇది కుదరదు. అక్కడ పుస్తకం నలిగి ఉందో లేదో చూస్తే చాలు.

తర్వాత సాయంత్రం కాలేజీ బస్సులు బయల్దేరే చోట నిలబడి మూడో ఏడాది పిల్లలతో మాట్లాడు. "కాలేజీ ఎలా ఉంది?" అంటే అందరూ బాగుందనే అంటారు. ఈ వారం ల్యాబ్‌కి ఎన్నిసార్లు వెళ్లారు, పోయిన సెమిస్టర్‌లో సగంలో మారిపోయిన సార్లు ఎంతమంది, మీ క్లాసులో ఎంతమందికి బ్యాక్‌లాగ్‌లు (తప్పి మిగిలిన సబ్జెక్టులు) ఉన్నాయి, ఫీజు లేటైతే హాల్‌టికెట్ ఆపుతారా అని అడుగు. అమ్మాయిలైతే హాస్టల్లో నీళ్లు, రాత్రి ఒంట్లో బాగోకపోతే ఎవరు తీసుకెళ్తారు అన్నది కూడా చెప్తారు. చెల్లెలిని వెంట తీసుకెళ్లు, వాళ్లతో తననే మాట్లాడనివ్వు.

ప్లేస్‌మెంట్ హోర్డింగ్ మీద అంకె ఎంత పెద్దదైనా, అది నిజంగా ఎంతమంది పిల్లలదో అడగాలి. ఒకే అమ్మాయికి నాలుగు కంపెనీలు ఆఫరిస్తే నాలుగు ఆఫర్లని లెక్క వేస్తారు. కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగ్‌కు అప్లై చేసిన కాలేజీలు తాము పంపిన వివరాలను తమ వెబ్‌సైట్‌లో పెట్టాలి. అందులో ఎంతమంది చేరారు, అనుకున్న కాలంలో ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, ఎంతమంది పైచదువులకు వెళ్లారు, మీడియన్ జీతం ఎంత అన్నవి ఉంటాయి. మీడియన్ అంటే వంద మంది జీతాలను వరసగా పేరిస్తే సరిగ్గా మధ్యలో ఉన్నవారి జీతం. ఒక్కరికి వచ్చిన 40 లక్షల ప్యాకేజీ కంటే ఆ అంకె మీ చెల్లెలికి ఎక్కువ పనికొస్తుంది. నాణ్యత చూసి ఇచ్చిన న్యాక్ గ్రేడు కాలేజీ మొత్తానికి వర్తిస్తుంది. ఎన్‌బీఏ గుర్తింపు మాత్రం ఒక్కో బ్రాంచికి విడిగా ఇస్తారు. సీఎస్‌ఈకి ఉండి ఈసీఈకి లేకపోవచ్చు, లేదా గడువు అయిపోయి ఉండొచ్చు. ఎన్‌బీఏ వెబ్‌సైట్‌లో ఆ బ్రాంచి పేరు, ఏ ఏడాది వరకు అన్నది చూసుకోండి.

హాస్టల్లో ఉండకుండా నీతో సిటీలో ఉండి కాలేజీ బస్సులో వెళ్తుందని అనుకుంటున్నారేమో, దూరం కూడా లెక్క వేయి. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు అంటే 200 పనిదినాలకు ఏడాదికి 800 గంటలు రోడ్డు మీదే. అలసిపోయి వచ్చిన పిల్ల రాత్రి ఏం చదువుతుంది? గంట లోపు దూరమైతే సరే. లేకపోతే హాస్టలే మేలు.

వెబ్ ఆప్షన్ల దగ్గర చాలామంది చేసే తప్పు, "మనకు రాదులే" అని మంచి కాలేజీని పైన పెట్టకపోవడం. కంప్యూటర్ మీ జాబితాను పైనుంచి కిందికి చూస్తుంది. ఆమె ర్యాంకుకు ఏ ఆప్షన్ దగ్గర ముందు సీటు దొరికితే అక్కడ ఆగిపోతుంది. పైన పెట్టినది రాకపోతే కింది దానికి నష్టమేమీ లేదు. కాబట్టి ఇష్టమైన వరసలోనే పెట్టండి, ఎన్ని వీలైతే అన్ని పెట్టండి. చేరడానికి ఇష్టం లేని కాలేజీని మాత్రం లెక్క కోసం పెట్టొద్దు. ముందు కాగితం మీద కాలేజీ కోడ్, బ్రాంచి కోడ్ రాసుకుని, ఆ తర్వాతే సిస్టమ్ ముందు కూర్చోండి. ఒక్క అక్షరం తేడాతో వేరే కాలేజీలో పడిన పిల్లలున్నారు. ఇంటర్నెట్ సెంటర్ వాళ్లను పెట్టమని పాస్‌వర్డ్ ఇచ్చి రావొద్దు. 2025లో తెలంగాణలో మాక్ సీట్ అలాట్‌మెంట్ కూడా ఇచ్చారు. అలాంటిది ఉంటే అది చూసి ఆప్షన్లు సరిచేసుకుని ఫ్రీజ్ చేయండి. రెండో విడతలో ఇప్పటికే వచ్చిన దానికంటే మెరుగైనవి మాత్రమే పెట్టాలి. కొత్త సీటు వస్తే పాతది దానంతట అదే పోతుంది.

ఇక్కడి నుంచి చెల్లెలికి. ఈ పేజీ ఆమెకే ఇవ్వు.

తల్లీ, నువ్వు ఏ కాలేజీలో చేరినా మొదటి రెండు నెలలు ఇంగ్లీషు వల్ల ఏమీ అర్థం కావట్లేదనిపిస్తుంది. పది దాకా తెలుగులో చదివిన ప్రతి పిల్లకూ అలాగే అనిపిస్తుంది. నా క్లాసులో ఒకమ్మాయి రోజూ నోట్సు కుడి పక్క పేజీ ఖాళీగా వదిలేసేది. రాత్రి హాస్టల్లో ఆ పేజీలో అదే పాఠం తెలుగులో తన మాటల్లో రాసుకునేది. డయోడ్ గురించి "ఒకవైపే తెరుచుకునే గేటు, పొలంలో మోటారు దగ్గర ఫుట్‌వాల్వ్ లాగా" అని రాసుకుంది. పరీక్షలో ఇంగ్లీషులోనే రాసింది, కానీ అర్థం చేసుకున్నది తెలుగులో. నువ్వూ అలా చెయ్యి. డౌట్ తెలుగులోనే అడుగు. మేము కూడా తెలుగు వాళ్లమే, తెలుగులోనే చెప్తాం. మొదటి మూడు బెంచీల్లో కూర్చో.

మొదటి ఏడాది మ్యాథ్స్, సీ ప్రోగ్రామింగ్‌లో బ్యాక్‌లాగ్ పెట్టుకోకు. ఒక్కటి మిగిలితే అది మూడో ఏడాది దాకా నీ వెంటే వస్తుంది. చాలా కంపెనీలు 60 శాతం మార్కులు, పెండింగ్ సబ్జెక్టులు లేకుండా ఉండటం చూస్తాయి. అటెండెన్స్ 75 శాతం తగ్గనివ్వకు. పరీక్షకు ముందు దొరికే గైడ్లతో గట్టెక్కొచ్చు గానీ, గేట్‌కి, ఇంటర్వ్యూకి అవి చాలవు. ప్రతి సెమిస్టర్‌లో ఒక్క సబ్జెక్టుకైనా అసలు టెక్స్ట్‌బుక్ మొదటి పేజీ నుంచి చదువు, చాప్టర్ చివర లెక్కలు చెయ్యి. మీ కాలేజీలో ఏ సబ్జెక్టుకైనా మంచి టీచర్ లేకపోతే ఎన్‌పీటీఈఎల్ ఉంది. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితంగా చూడొచ్చు. పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలనుకుంటేనే ఫీజు. నాచుపల్లిలో కూర్చుని ఐఐటీ సార్ పాఠం వినే అవకాశం నేను చదువుకునే రోజుల్లో లేదు.

గేట్ మూడో ఏడాదిలోనే రాయొచ్చు. అప్పుడు ఒకసారి రాసి చూస్తే నాలుగో ఏడాదికి భయం పోతుంది. స్కోరు మూడేళ్లు పనిచేస్తుంది. ఆ స్కోరుతో ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయలు స్టైపెండ్ వస్తుంది, అంటే పైచదువుకి అన్న మీద ఆధారపడక్కర్లేదు.

ప్రాజెక్టు గురించి కాస్త ఎక్కువ చెప్తాను. నాలుగో ఏడాది వచ్చేసరికి "మనం ఎందుకు కష్టపడాలి, అమీర్‌పేటలో డబ్బులిస్తే చేసిస్తారు" అని స్నేహితులంటారు. ఆ ప్రాజెక్టులు నా బల్ల మీదకు వందల్లో వచ్చాయి. మెరిసే బాక్సు, ఎర్ర ఎల్‌ఈడీలు, అట్ట మీద బంగారు అక్షరాలు. బాక్సు మూత తీసి "ఈ రెసిస్టర్ ఎందుకు పెట్టావు?" అంటే నలుగురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకునేవాళ్లు.

ఒక ఏడాది నల్గొండ వైపు నుంచి వచ్చిన అమ్మాయి షూబాక్సు లాంటి అట్టపెట్టెలో ప్రాజెక్టు తెచ్చింది. వాళ్ల నాన్న బోరు మోటారు రెండుసార్లు కాలిపోయింది. రాత్రి త్రీ ఫేజ్‌లో ఒక ఫేజ్ పోయినా, ఆటో స్టార్టర్ ఉన్నందువల్ల మోటారు మిగతా రెండు ఫేజుల మీదే ఆన్ అయి, తిరగలేక మూలిగి, వైండింగ్ మాడిపోయేది. ఈ పిల్ల మూడు ఫేజులనూ గమనించి, ఒకటి పోతే రిలేతో (కరెంటుతో పనిచేసే స్విచ్చితో) మోటారును ఆపే సర్క్యూట్ చేసింది. బజారులో అలాంటివి ఎప్పటినుంచో దొరుకుతాయి, కొత్త విషయం కాదు. కానీ ఫేజ్ పోయిన వెంటనే ఆపకుండా నాలుగు సెకన్లు ఎందుకు ఆగాలో, రిలే కాయిల్‌కు అడ్డంగా డయోడ్ ఎందుకు పెట్టిందో, మొదటిసారి ట్రాన్సిస్టర్ ఎలా పేలిందో అంతా సగం తెలుగు, సగం ఇంగ్లీషులో ఇరవై నిమిషాలు చెప్పింది. ఎక్స్‌టర్నల్‌గా వచ్చిన ప్రొఫెసర్ ఆమెను ఇంకేమీ అడగలేదు, పెట్టె మూత మళ్లీ తెరిచి ఆయనే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత ఆమె ఇంటర్వ్యూల్లో కూడా ఈ సర్క్యూట్ గురించే మాట్లాడింది. తనకు పూర్తిగా తెలిసిన విషయం కాబట్టి వణుకు లేదు.

నీకు ఇంట్లోనే ఒక ఎలక్ట్రీషియన్ అన్న ఉన్నాడు, ఊళ్లో పొలం, మోటారు ఉన్నాయి. చేయడానికి ఏదో ఒకటి కళ్ల ముందే దొరుకుతుంది. రెండో ఏడాది నుంచే చిన్నచిన్నవి మొదలుపెట్టు. కాలిపోయిన భాగాలు పారేయకుండా ఒక డబ్బాలో దాచుకుని, ఏది ఎందుకు కాలిందో చీటీ రాసి పెట్టుకో. ఇంటర్న్‌షిప్ కోసం డబ్బులు కట్టి సర్టిఫికెట్ తెచ్చుకోవద్దు. ఊరి దగ్గర సబ్‌స్టేషన్‌లోనో, హైదరాబాద్‌లో చిన్న ఎలక్ట్రానిక్స్ యూనిట్‌లోనో నెల రోజులు నిలబడి పని చూసినా నయమే.

తమ్ముడూ, మళ్లీ నీకు. ఈ లోపు చేయాల్సిన పనులున్నాయి. మీసేవలో కుల ధ్రువీకరణ, అమ్మ పేరు మీద ఆదాయం సర్టిఫికెట్ తీయించు. ఆదాయం సర్టిఫికెట్ ఈ ఏడాది తీసినదే కావాలి, పాతది చెల్లదు. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, మెమోలు ఒక ఫైల్‌లో పెట్టి, ప్రతిదీ మూడు సెట్లు జిరాక్స్ తీయించు. స్కూల్లో సంతకాలకు రెండు మూడు రోజులు పడుతుంది కాబట్టి ఆ పని ఆదివారానికి వాయిదా వేయకు. ఊరెళ్లి వచ్చాక ఆ ప్రశ్నకు చెల్లెలు ఏం చెప్పిందో నాకు రాయి. మీరు చూసొచ్చిన కాలేజీల పేర్లు, లాస్ట్ ర్యాంకులు కూడా రాస్తే ఆప్షన్ల వరస మనం కలిసి చూద్దాం.